క్రిస్మస్ తాతది ఏ దేశం? ఏ జాతి?

ఐండ్‌హోవెన్_పద్మ · డిసెంబర్ 3
అందరికీ నమస్కారం. ఇక్కడ చరిత్ర చదివినవాళ్లూ ఉన్నారు, చర్చికి వెళ్లేవాళ్లూ ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను.

మేం నెదర్లాండ్స్‌లో ఉంటాం. ఇక్కడ నవంబర్ మధ్యలో సింటర్‌క్లాస్ ఆవిరి పడవలో దిగుతాడు. ఎర్ర అంగీ, పొడవాటి బిషప్ టోపీ, చేతిలో దండం, తెల్ల గుర్రం. స్పెయిన్ నుంచి వచ్చాడని చెబుతారు. డిసెంబర్ 5 రాత్రి పిల్లలకు బహుమతులిచ్చి వెళ్లిపోతాడు. మళ్లీ క్రిస్మస్‌కి శాంతా క్లాజ్ వస్తాడు. ఈయనది ఉత్తర ధ్రువం. ఇద్దరూ ఒకరేనా అని మా పాప అడుగుతోంది. ఆఫీసులో కదిపితే ఇంకా గందరగోళం. టర్కీ అమ్మాయి ‘ఆయన మా దేశస్థుడు’ అంటుంది. గ్రీస్ అతను అస్సలు ఒప్పుకోడు. ఫిన్లాండ్ నుంచి వచ్చినావిడ వాళ్ల కొండ పేరు చెప్పింది.

అసలు ఆయన బతికిన మనిషేనా? అయితే ఏ జాతివాడు? పాప క్లాసులో సూరినామ్ (ఒకప్పుడు నెదర్లాండ్స్ వలస) కుటుంబాల పిల్లలున్నారు, సోమాలియా పిల్లలున్నారు. తాత రంగు గురించి వాళ్ల మధ్య మాటా మాటా వచ్చిందట. ఏదో ఒకటి చెప్పి దాటేయడం నాకు ఇష్టం లేదు.

ఓరుగల్లు_శ్రీను · డిసెంబర్ 3
పద్మ గారూ, ఇందులో అనుమానం ఏముందండి? టర్కీయే. అంటాల్యా దగ్గర డెమ్రే అని ఊరు. టూర్‌లో వెళ్లి చూశాను. పాత చర్చి ఉంది, లోపల ఆయన సమాధి అని చూపించే పాలరాతి తొట్టె ఉంది. బయట షాపుల నిండా ‘నోయెల్ బాబా’ (వాళ్ల భాషలో క్రిస్మస్ తాత) బొమ్మలే. వాళ్ల గడ్డ మీద పుట్టి వాళ్ల గడ్డ మీద చనిపోయినవాణ్ని వాళ్లవాడు కాదంటే ఎలా?

మచిలీపట్నం_మురళి · డిసెంబర్ 3
శ్రీను గారూ, గడ్డ సంగతి మీరన్నది నిజమే. జాతి సంగతి వేరు. అమరావతి స్తూపం ఆంధ్రప్రదేశ్‌లో ఉందని శాతవాహనుల్ని ఆంధ్రప్రదేశ్ పౌరులనం కదా. ఈ తాత కథకు మూలమైన సెయింట్ నికోలస్ అనే బిషప్ బతికింది 3వ శతాబ్దం చివర, 4వ శతాబ్దం మొదట్లో. తుర్కులు అనటోలియాలో, అంటే ఇప్పటి టర్కీ గడ్డ మీద, నిలదొక్కుకున్నది 1071లో మంజికెర్ట్ యుద్ధం తర్వాత. మధ్యలో ఏడు వందల ఏళ్లకు పైగా ఉన్నాయి.

పద్మ గారి ప్రశ్నకు నాకు తెలిసినంత వివరంగా చెబుతాను. సంప్రదాయం ప్రకారం ఆయన పుట్టిన ఊరు పటారా, బిషప్‌గా ఉన్న ఊరు మైరా. రెండూ లిసియా అనే ప్రాంతంలోని రేవు పట్టణాలు. ఆ మైరాయే ఇప్పటి డెమ్రే. లిసియన్లకు ఒకప్పుడు సొంత భాష, సొంత లిపి ఉండేవి. మైరా కొండలో ఇళ్ల ముఖద్వారాల్లా తొలిచిన వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. కానీ నికోలస్ పుట్టేనాటికి ఆ భాష ఎప్పుడో పోయింది, అక్కడ అందరిదీ గ్రీకే. పాలన రోమన్లది. 212లో కారకల్లా చక్రవర్తి సామ్రాజ్యంలోని స్వతంత్రులు దాదాపు అందరికీ పౌరసత్వం ఇచ్చేశాడు. కాబట్టి ఈయన్ని గ్రీకు మాట్లాడే రోమన్ పౌరుడు, లిసియా ప్రాంతంవాడు అనడం సబబు. పూర్వీకుల్లో పాత లిసియన్లు ఎందరు, వలస వచ్చిన గ్రీకులు ఎందరు అని ఎవరూ లెక్క తీయలేరు.

ఇక ఆయన నిజంగా ఉన్నాడా అన్నది. ఆయన కాలంలో రాసిన ముక్క ఒక్కటీ మనకు దక్కలేదు. ఆయన స్వయంగా రాసిందీ లేదు. కానీ 6వ శతాబ్దంలో జస్టినియన్ చక్రవర్తి కాన్‌స్టాంటినోపుల్‌లో ఆయన పేరున చర్చి కట్టించాడంటే అప్పటికే పెద్ద పేరున్నట్టే. అన్యాయంగా మరణశిక్ష పడిన ముగ్గురు సైనికాధికారుల కోసం ఆయన చక్రవర్తి కలలోకి వెళ్లి నిలదీసిన కథ అన్నిటికంటే పాతది. పూర్తి జీవిత చరిత్ర మాత్రం 9వ శతాబ్దంలో, మైకేల్ అనే మఠాధిపతి రాసినది. అంటే చనిపోయిన దాదాపు 500 ఏళ్లకు! ఈలోగా సియోన్ మఠానికి చెందిన మరో నికోలస్, 6వ శతాబ్దం మనిషి, ఆయన కథ ఇందులో కలిసిపోయింది. తల్లిదండ్రులుగా చాలా పుస్తకాల్లో కనిపించే ఎపిఫానియస్, నోన్నా అనే పేర్లు ఆ రెండో నికోలస్ తల్లిదండ్రులవి. ఒక మనిషి జాతి గురించి ఇంతమంది కొట్లాడుతుంటే, ఆ మనిషి అమ్మానాన్నల పేర్లే వేరేవాళ్లవి అన్న సంగతి ముందుగా గుర్తు పెట్టుకోవాలి.

కాజీపేట_జోసెఫ్ · డిసెంబర్ 4
మురళి గారికి నమస్కారం. మేము ఆర్.సి.ఎం. (రోమన్ కాథలిక్) వాళ్లం. పునీత నికోలసు గారి పండుగ ఎల్లుండే, డిసెంబర్ 6. ఆధారాలు తక్కువన్నది నిజమే. కానీ ఆయన్ని తాతను చేసిన అసలు కథ ఈ చర్చలోకి ఇంకా రాలేదు.

ఒక తండ్రి ఆస్తంతా పోగొట్టుకున్నాడు. ముగ్గురు ఆడపిల్లలు. కట్నం ఇవ్వలేడు. ఇక వాళ్లను వ్యభిచారానికి అమ్మడమే గతి అనుకున్నాడు. ఆ సంగతి నికోలసు చెవిన పడింది. రాత్రిపూట వెళ్లి కిటికీలోంచి బంగారం మూట లోపలికి విసిరాడు. పెద్దమ్మాయి పెళ్లయింది. మళ్లీ ఒక రాత్రి ఇంకో మూట. మూడోసారి ఆ తండ్రి నిద్రపోకుండా కాపు కాశాడు. మూట పడగానే వెంటపడి పట్టుకుని కాళ్ల మీద పడ్డాడు. నేను బతికుండగా ఈ మాట ఎవరికీ చెప్పొద్దని నికోలసు మాట తీసుకున్నాడు. పటాల్లో ఆయన చేతిలోనో కాళ్ల దగ్గరో మూడు బంగారు బంతులు ఉంటాయి చూడండి, ఆ మూటలే అవి.

కట్నం లేక ఆడపిల్ల పెళ్లి ఆగిపోవడం అంటే ఏంటో మన తెలుగువాళ్లకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. తెల్లవాడా నల్లవాడా అనే ముందు పాపకు ఈ కథ చెప్పండి సిస్టర్. అమ్మే మాట వదిలేసి చెప్పొచ్చు.

శ్రీను గారు చూసిన సమాధి ఖాళీది. 1087లో ఇటలీలోని బారి నగరం నావికులు మైరా వెళ్లి, అక్కడి సన్యాసులు వద్దంటున్నా సమాధి పగలగొట్టి ఎముకలు తీసుకెళ్లారు. మే 9న బారిలో దింపారు. మిగిలిన ముక్కల్ని మొదటి క్రూసేడ్ (జెరూసలేం కోసం క్రైస్తవులు చేసిన దండయాత్ర) సమయంలో వెనిస్ వాళ్లు పట్టుకుపోయారు.

ఓరుగల్లు_శ్రీను · డిసెంబర్ 4
అంటే దొంగతనమే కదా సార్. అందుకే ఎముకలు తిరిగి ఇమ్మని టర్కీలో అడుగుతున్నారు. న్యాయమైన డిమాండే.

మచిలీపట్నం_మురళి · డిసెంబర్ 4
ఆ ఎముకల మీద జరిగిన పరీక్షలు పద్మ గారికి పనికొస్తాయి. 1950ల్లో బారి చర్చి మరమ్మతు కోసం సమాధి తెరిచినప్పుడు, అక్కడి విశ్వవిద్యాలయంలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పే లూయిజీ మార్టినో ఎముకలన్నీ కొలిచి, పుర్రెకు ఎక్స్‌రేలు తీశారు. ఆ కొలతల ఆధారంగా 2004లో బ్రిటన్‌లో కరోలిన్ విల్కిన్సన్ అనే నిపుణురాలు ముఖాన్ని పునర్నిర్మించారు. 2014లో లివర్‌పూల్‌లో దాన్ని ఇంకా మెరుగుపరిచారు. వెడల్పాటి దవడ, గట్టి గడ్డం, ముక్కు ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుంది. ఎత్తు సుమారు అయిదడుగుల ఆరంగుళాలు.

ఇక్కడ చాలామంది తడబడేది ఒకటుంది. ఆ బొమ్మలో చామనచాయ, గోధుమ రంగు కళ్లు, నెరిసిన గడ్డం కనిపిస్తాయి. అవి పుర్రె చెప్పినవి కావు. పుర్రె నుంచి ముక్కూ దవడా వస్తాయి, చర్మం రంగు రాదు. తూర్పు మధ్యధరా తీరంలో మనుషులు మామూలుగా ఎలా ఉంటారో చూసి ఆ రంగు వేశారు. అది సమంజసమైన అంచనా, అంతవరకే.

2017లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు అమెరికాలో ఒక ఫాదర్ దగ్గరున్న తుంటి ఎముక ముక్కకు కాలం తేల్చే కార్బన్ పరీక్ష చేస్తే 4వ శతాబ్దం అని తేలింది. కాలం సరిపోయింది. అంతమాత్రాన అది ఆయనదేనని రుజువు కాదు.

న్యూజెర్సీ_కిరణ్ · డిసెంబర్ 5
అందరూ బిషప్ గారి దగ్గరే ఆగిపోయారు. మాల్‌లో పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకునే ఆ ఎర్ర సూటు తాత పుట్టింది మా పక్కనే, న్యూయార్క్‌లో. ఇది నేను కొన్నేళ్లుగా చదువుతున్న విషయం, కాస్త ఓపిగ్గా వినండి.

1809లో వాషింగ్టన్ ఇర్వింగ్ న్యూయార్క్ డచ్ వాళ్ల మీద ఒక హాస్య చరిత్ర రాశాడు. అందులో సెయింట్ నికోలస్ చెట్ల మీదుగా ఎగురుతూ వస్తాడు. మరుసటి ఏడాది డిసెంబర్ 6న న్యూయార్క్ చారిత్రక సంఘం ఆయన పేరున విందు చేసింది. దాని వెనక జాన్ పింటార్డ్ అనే వ్యాపారి ఉన్నాడు. 1821లో పిల్లల కోసం అచ్చయిన ఒక చిన్న పుస్తకంలో మొదటిసారి రెయిన్‌డీర్ బండి లాగింది, అదీ ఒకే ఒక్క రెయిన్‌డీర్. 1823 డిసెంబర్ 23న ట్రాయ్ అనే ఊళ్లో ఒక పత్రిక పేరు లేకుండా వేసిన పద్యంతో అవి ఎనిమిదయ్యాయి. ఆ పద్యం నాదేనని తర్వాత క్లెమెంట్ మూర్ చెప్పుకున్నాడు. కాదు, మా పెద్దాయన రాసిందని హెన్రీ లివింగ్‌స్టన్ కుటుంబం ఇప్పటికీ అంటుంది. అందులో ఆయన భారీ మనిషి కూడా కాదు. మసి అంటిన బొచ్చు బట్టలేసుకుని పైపు పీల్చే, పొగగొట్టంలో పట్టేంత పొట్టివాడు.

లావుగా, బెల్టుతో, బుగ్గలతో కనిపించే రూపం థామస్ నాస్ట్ గీసింది. ఆయన జర్మనీలో లాండావులో పుట్టి చిన్నప్పుడే న్యూయార్క్ వచ్చాడు. 1863 జనవరిలో అచ్చయిన మొదటి బొమ్మలో శాంతా అంతర్యుద్ధపు సైనిక శిబిరంలో కూర్చుని ఉంటాడు, కోటు మీద అమెరికా జెండా నక్షత్రాలు! చేతిలో తోలుబొమ్మలా వేలాడుతున్నది దక్షిణాది అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్. ఉత్తర ధ్రువాన్ని ఆయన చిరునామా చేసిందీ నాస్టే, 1866లో. కోకాకోలా ఎర్ర రంగు వేసిందన్నది పుకారు. వాళ్ల ప్రకటనలకు హాడన్ సండ్‌బ్లమ్ బొమ్మలు గీయడం మొదలుపెట్టింది 1931లో. ఎర్ర సూటు అంతకుముందే ఉంది.

కాబట్టి ఈ తాతది ఏ జాతి అంటే, 19వ శతాబ్దపు న్యూయార్క్‌లో ఎవరు గీశారో వాళ్ల చుట్టుపక్కల మనుషుల ముఖం ఆయనకు వచ్చింది. ఆ ముఖానికీ మైరా బిషప్‌కూ రక్త సంబంధం లేదు.

సత్యం_గోపి · డిసెంబర్ 5
అదే కదా నేనూ అనేది. యూరప్ వాళ్లూ అమెరికా వాళ్లూ తయారు చేసుకున్నారు, తెల్లగా గీసుకున్నారు. వాళ్ల కథ వాళ్లిష్టం. దానికి మనం రంగు మార్చమని గొడవ చేయడం దేనికి?

న్యూజెర్సీ_కిరణ్ · డిసెంబర్ 5
గోపి గారూ, ఇక్కడ గొడవ చేసింది బయటివాళ్లు కాదు. ఈ దేశంలో పుట్టి పెరిగిన నల్లవాళ్లే అడిగారు. 1969లో సిన్సినాటిలో ఒక పెద్ద స్టోర్ నల్ల శాంతాను పెట్టనంటే ఉద్యమం జరిగింది, మరుసటి ఏడాది పెట్టింది. మిన్నెసోటాలోని మాల్ ఆఫ్ అమెరికాలో మొదటి నల్ల శాంతా కూర్చున్నది 2016లో! అంతకు మూడేళ్ల ముందు, 2013 డిసెంబర్‌లో, ఫాక్స్ న్యూస్ యాంకర్ ఒకావిడ శాంతా తెల్లవాడే అంతే అని పిల్లలకు నేరుగా చెబితే దేశమంతా రచ్చయింది. చరిత్ర వ్యక్తి గురించి అయితే ఆధారం చూపించాలి. కల్పిత పాత్ర అయితే అతను ఫలానా జాతివాడే అని పట్టుబట్టడానికి ఆధారమే ఉండదు. ఈ రెండింట్లో ఏది తీసుకున్నా ఆవిడ మాట నిలబడదు.

హిమజ · డిసెంబర్ 6
మీరెవరూ ఇంకా పాత మూలాల్లోకి వెళ్లలేదు. ఉత్తర యూరప్‌లో క్రైస్తవం రాకముందు ఓడిన్ అనే దేవుడున్నాడు. తెల్ల గడ్డం, ఎనిమిది కాళ్ల గుర్రం, చలికాలంలో ఆకాశంలో వేట. సింటర్‌క్లాస్ తెల్ల గుర్రం మీద ఇళ్ల కప్పులెక్కేది అక్కడి నుంచే వచ్చింది. లాప్‌లాండ్‌లో సామీ జాతి మాంత్రికులు ఎర్ర పుట్టగొడుగులు తిని రెయిన్‌డీర్లతో ఎగిరినట్టు భావించేవారని కూడా చదివాను. బిషప్ పేరు పైన అతికించినదే. పద్మ గారూ, మీ అమ్మాయికి ఇది కూడా చెప్పండి.

మచిలీపట్నం_మురళి · డిసెంబర్ 6
హిమజ గారూ, వినడానికి చాలా బాగుంటుంది. మధ్యలో గొలుసు ఏదమ్మా? ఓడిన్ పూజ ఆగిపోయిన తర్వాత వందల ఏళ్లపాటు సింటర్‌క్లాస్ గుర్రానికి ఆధారం దొరకదు. 19వ శతాబ్దపు జానపద పండితులు రెండు తెల్ల గడ్డాలు చూసి కలిపేశారు. పుట్టగొడుగుల కథ ఇంకా కొత్తది. రెయిన్‌డీర్లు ఎక్కడి నుంచి వచ్చాయో కిరణ్ గారు చెప్పనే చెప్పారు, న్యూయార్క్ అచ్చు పుస్తకం నుంచి. సామీ వాళ్లు ఈనాటికీ జీవించి ఉన్న జాతి. వాళ్ల నమ్మకాలను క్రిస్మస్ కార్డు కోసం వాడుకోవడం వాళ్లకూ అన్యాయమే.

ఫిన్లాండ్ సంగతీ చెప్పేస్తాను. వాళ్ల తాత పేరుకు అర్థం పండుగ మేక. ఆ దేశంలో ఆయన ఇల్లు కోర్వాతుంతురి కొండ అని 1927లో ఒక పిల్లల రేడియో కార్యక్రమం చెప్పింది. రోవానియెమిలో శాంతా ఊరు 1985లో తెరిచారు.

ఐండ్‌హోవెన్_పద్మ · డిసెంబర్ 7
అందరికీ చాలా థ్యాంక్స్. మురళి గారి మాటకు ఇంకో చిన్న ఆధారం నా దగ్గరుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో రైక్స్ మ్యూజియంలో యాన్ స్టేన్ అనే చిత్రకారుడి బొమ్మ ఉంది, 1660లది. సెయింట్ నికోలస్ పండుగ వేళ ఒక ఇల్లు. ముందు ఒక చిన్న పిల్ల, చేతినిండా బొమ్మ, మిఠాయిల బకెట్ పట్టుకుని అమ్మకు కూడా ఇవ్వనని గింజుకుంటోంది. పక్కన పెద్దబ్బాయి ఏడుస్తున్నాడు. వాడి బూటులో బహుమతి బదులు బెత్తం వచ్చింది. తమ్ముడు వాడివైపు వేలు చూపించి నవ్వుతున్నాడు. వెనక నానమ్మ మాత్రం పరదా పక్కకు జరుపుతూ, రారా అని ఆ ఏడ్చేవాణ్ని పిలుస్తోంది. ఆ ముసలావిడ దగ్గర ఏదో దాచిపెట్టి ఉంది!

ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాను. అందులో బిషప్ లేడు, గుర్రం లేదు, నల్ల నౌకరూ లేడు. మా పాప క్లాసులో గొడవంతా ఆ నౌకరు గురించే. ముఖానికి నల్లరంగు, ఎర్ర పెదాలు, ఉంగరాల జుట్టు విగ్గు పెట్టుకుని సింటర్‌క్లాస్ వెంట వచ్చే ‘జ్వార్టే పీట్’. ఇది వేల ఏళ్ల సంప్రదాయం అని ఇక్కడ చాలామంది నమ్ముతారు. కానీ సింటర్‌క్లాస్‌కి నల్ల నౌకర్ని పెట్టి, ఆవిరి పడవలో స్పెయిన్ నుంచి దింపింది 1850లో యాన్ స్కెంక్‌మన్ అనే బడిపంతులు రాసిన పిల్లల పుస్తకం. సూరినామ్‌లో డచ్ వాళ్లు బానిసత్వం రద్దు చేసింది 1863లో. అంటే ఆ పుస్తకం అచ్చయినప్పుడు డచ్ వాళ్లకు ఇంకా బానిసలున్నారు. పొగగొట్టం మసి వల్ల నల్లబడ్డాడని ఇప్పుడు చెబుతారు. మసి అయితే బట్టలకు ఎందుకు అంటలేదని పాప స్నేహితురాలు అడిగిందట. ఆ ప్రశ్నకు టీచర్ దగ్గర జవాబు లేదు.

2019లో టీవీలో చూపించే పెద్ద ఊరేగింపులో నల్ల ముఖాలు తీసేసి, చెంపల మీద అక్కడక్కడా మసి మరకలతో సరిపెట్టారు. 2020లో అప్పటి ప్రధాని మార్క్ రుట్టే కూడా తన అభిప్రాయం మారిందన్నారు.

కాజీపేట_జోసెఫ్ · డిసెంబర్ 7
సిస్టర్, స్పెయిన్ ఎందుకొచ్చిందంటే ఎక్కువమంది చెప్పేది ఇది. ఎముకలున్న బారి, నేపుల్స్ రాజ్యంలో భాగంగా చాలాకాలం స్పెయిన్ రాజుల కింద ఉంది. నెదర్లాండ్స్ కూడా ఒకప్పుడు వాళ్ల కిందే ఉంది. ఆ జ్ఞాపకం కావచ్చు అంటారు. ఆయన మటుకు స్పానిష్ కాడు.

గుంటూరు_రూతు · డిసెంబర్ 8
ఇంత దూరం వెళ్లారు కాబట్టి మన దగ్గరి మాట ఒకటి చెబుతాను. మా సంఘంలో ఏటా క్యారల్స్‌కి ఇల్లిల్లూ తిరుగుతాం. క్రిస్మస్ తాత వేషం ఎప్పుడూ యూత్‌లో ఎవరో ఒక అబ్బాయిదే. ప్లాస్టిక్ మాస్కు, గులాబీ రంగు బుగ్గలు, కంటి దగ్గర రెండు బెజ్జాలు, చెవుల వెనక రబ్బరు బ్యాండు. చిన్నపిల్లలు ఆ ముఖం చూసి జడుసుకుని ఏడుస్తారు. మాస్కు తీసి, దూది గడ్డం ఒక్కటే పెట్టుకుని వెళ్దామని నేనంటే ఒక పెద్దాయన, ‘తాత తెల్లగా ఉండాలమ్మా, మనలా నల్లగా ఉంటే ఎవరు నమ్ముతారు’ అన్నారు. ఆ అబ్బాయి ముఖం చిన్నబోయింది. నాకు చాలా బాధేసింది.

మురళి గారూ, మైరా బిషప్‌ది చామనచాయ అని అంచనా వేశారన్నారు కదా. ఆ ముఖం ఫొటో మా యూత్ మీటింగులో చూపిస్తాను. జోసెఫ్ బ్రదర్ చెప్పిన కట్నం కథ కూడా చెబుతాను. మా లూథరన్ (ప్రొటెస్టెంట్) సంఘంలో పునీతుల పండుగలు చేసుకోం, అయినా ఆ కథ అందరికీ తెలియాలి.

సత్యం_గోపి · డిసెంబర్ 8
రూతు గారూ, ఆ పెద్దాయన అలా అనడం మాత్రం తప్పు. అమెరికా వాళ్ల కథ వాళ్లిష్టం అన్న నా మాట అలాగే ఉంది. మన ఊళ్లో మన పిల్లాడు తాత వేషం వేస్తే మన ముఖంతో వేస్తాడు, అది మనిష్టం.

ఓరుగల్లు_శ్రీను · డిసెంబర్ 9
నాదింకో ప్రశ్న మిగిలింది. ఆయన గ్రీకు మాట్లాడేవాడే అనుకుందాం. మరి గ్రీసులో బహుమతులు తెచ్చేది నికోలస్ కాదట కదా?

మచిలీపట్నం_మురళి · డిసెంబర్ 9
కాదండి. గ్రీకు పిల్లలకు జనవరి 1న సెయింట్ బాసిల్ తెస్తాడు, వాళ్ల భాషలో అయోస్ వాసిలిస్. ఆ రోజు కేకులో నాణెం దాచి కోస్తారు, ఎవరి ముక్కలో వస్తే వాళ్లకు ఆ ఏడాది అదృష్టం. నికోలస్‌ను వాళ్లు సముద్రం మీద వెళ్లేవాళ్ల రక్షకుడిగా కొలుస్తారు. బాసిల్ సొంతూరు కప్పడోసియాలోని సిజేరియా, ఇప్పటి కైసెరి. అదీ టర్కీలోనే ఉంది.

డెమ్రేలో గ్రీకు క్రైస్తవులు 1920ల దాకా ఉన్నారు. 1923లో రెండు దేశాల మధ్య జనాభా మార్పిడి ఒప్పందం కుదిరాక అనటోలియా గ్రీకులు ఇల్లూ వాకిలీ వదిలి వెళ్లిపోవాల్సి వచ్చింది. పద్మ గారి ఆఫీసులో గ్రీస్ అతను అంత గట్టిగా ఎందుకు పట్టుబడతాడో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

ఓరుగల్లు_శ్రీను · డిసెంబర్ 9
ఎముకలు మాత్రం డెమ్రేకే రావాలి. నా మాట అదే.

కాజీపేట_జోసెఫ్ · డిసెంబర్ 10
శ్రీను గారూ, మీ బాధ అర్థమైంది. కానీ ఇప్పుడు బారిలో ఆ సమాధి ఉన్న నేలమాళిగలోనే ఆర్థడాక్స్ (తూర్పు యూరప్ సంప్రదాయపు క్రైస్తవ శాఖ) వాళ్లకూ పూజ చేసుకునే చోటు ఉంది. రష్యా నుంచి యాత్రికులు బస్సులు నిండా వస్తారు. 2017లో ఒక పక్కటెముకను బారి నుంచి మాస్కో, సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరాలకు పంపితే 20 లక్షల మందికి పైగా గంటల తరబడి వరుసల్లో నిలబడి దర్శించుకున్నారు. ఎవరైనా వెళ్లాలనుకుంటే మే 9న బారి వెళ్లండి, సమాధిలో ఊరే నీటిని ఆ రోజు బయటికి తీస్తారు. డెమ్రే వెళ్తే డిసెంబర్ 6న వెళ్లండి, పాత చర్చిలో ఆర్థడాక్స్ పూజ జరుగుతుంది.